ఫాల్ కుట్టి 50 రూపాయలు పోగొట్టుకున్నాను

నేను టైలర్ని. బందరులో కోనేరు సెంటర్‌కి కాస్త ఇవతల ఒక గది షాపు, రెండు మిషన్లు, ఒక కటింగ్ టేబులు. డిగ్రీలో ఎకనామిక్స్ చదివానంటే ఎవరూ నమ్మరు, నమ్మినవాళ్ళు "మరి ఇదేంటమ్మా" అని జాలిపడతారు, అందుకని చెప్పడం మానేశాను. ఇవాళ చెప్పక తప్పడం లేదు. డిగ్రీలో బట్టీపట్టి, పరీక్షలో రాసి, మార్కులు కూడా తెచ్చుకున్న తులనాత్మక ప్రయోజన సిద్ధాంతం (ఎవరికి ఏ పని చవకగా పడితే వాళ్ళు ఆ పని చేసి మార్చుకుంటే ఇద్దరికీ లాభం అనేది) నాకు నిజంగా బుర్రకెక్కింది పదిహేనేళ్ళ తర్వాత, వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందు, రాత్రి పదకొండింటికి, ఒళ్ళో ఎవరిదో పట్టుచీర వేసుకుని ఫాల్ కుడుతున్నప్పుడు.

ఆ శ్రావణం షాపు నిండా పని. కవర్లలో 22 జాకెట్టు ముక్కలు, ఒక్కోదానికీ ఆది జాకెట్టు, చీటీ పిన్ను పెట్టి వరసగా ఉన్నాయి. పక్కన ఫాల్ వెయ్యాల్సిన చీరలు గుట్ట. నా దగ్గర పని చెయ్యడానికి వచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. పేరు రాయొద్దక్కా అంది, కాబట్టి చెల్లి అనే రాస్తాను. చెల్లికి అప్పటికి మిషను మీద చెయ్యి తిరగలేదు, ఫాల్స్ మాత్రం బాగానే కుట్టేది. ఫాల్ సంగతి తెలియనివాళ్ళకి చెప్తున్నా, చీర కింది అంచుకి లోపలివైపు వేసే గుడ్డ పట్టీ అది, దాని కింది అంచు మిషను మీద వేసి, పై అంచు చేత్తో హెమ్మింగ్ చేస్తాం, బయటివైపు దారం కనపడకూడదు, పట్టుచీరైతే పోగు కాస్త ఎక్కువ తీసుకున్న చోటల్లా చుక్కలా తెలిసిపోతుంది. చెల్లి కుట్టింది బాగుంటుంది, నాది ఇంకొంచెం బాగుంటుంది, ఇంకొంచెం త్వరగా కూడా అవుతుంది. అక్కడే వచ్చింది తంటా. నేనైతే అరగంటలో అయిపోతుంది కదా అని చేతికందిన చీరల్లా నేనే తీసి కుట్టేస్తున్నాను, చెల్లిని "నువ్వు ఆ జాకెట్టు మొదలుపెట్టు" అని మిషను మీద కూర్చోబెట్టి.

మర్నాడు పొద్దున్నే ఒకావిడ జాకెట్టు కోసం వచ్చింది. వారం కింద ఇచ్చిన ముక్క. ఇంకా కత్తెర పెట్టలేదు. సాయంత్రం ఇస్తానన్నాను. ఆవిడ ఏమీ అనలేదు, తన కవరు, తన ఆది జాకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. తప్పు పూర్తిగా నాదే. రాత్రంతా కూర్చుని చేసిన పనేంటి మరి? ఆరు ఫాల్స్. ఆ మధ్యాహ్నం అన్నం తింటూ ఆర్డర్ల పుస్తకం వెనక పేజీలో లెక్క వేశాను.

నేను లైనింగ్ జాకెట్టు ఒకటి కటింగ్ నుంచి హుక్కుల దాకా గంటన్నరలో అవగొడతాను. ఫాల్ అరగంట. చెల్లికి అప్పట్లో జాకెట్టు నాలుగు గంటలు పట్టేది, ఫాల్ 40 నిమిషాలు. అంటే రెండు పనుల్లోనూ నాదే పైచెయ్యి. జాకెట్టుకి 450 తీసుకుంటాను, ఫాల్‌కి 100. నేను ఫాల్ కుడితే అరగంటలో 100 వచ్చాయనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. కానీ మూడు ఫాల్స్ కుట్టే టైములో నాకొక జాకెట్టు అయిపోతుంది. మూడు ఫాల్స్‌కి 300, జాకెట్టుకి 450. ఒక్కో ఫాల్ దగ్గరా 150 వదులుకుని 100 పుచ్చుకుంటున్నాను. వచ్చింది వంద కాదు, పోయింది యాభై. అదే చెల్లికైతే ఒక జాకెట్టు కుట్టే టైములో ఆరు ఫాల్స్ అవుతాయి, 450కి ఆరో వంతు 75. నా చేతిలో ఫాల్ 150 ఖరీదు, ఆమె చేతిలో 75. ఆమె నాకన్నా పది నిమిషాలు ఎక్కువ తీసుకున్నా సరే, ఆమె కుట్టిన ఫాలే చవక.

ఇది చదివి "రూపాయల్లో గారడీ" అనుకునేవాళ్ళ కోసం రూపాయలు తీసేసి చెప్తాను. ఎనిమిది గంటల రోజు. నేను నాలుగు జాకెట్లు, నాలుగు ఫాల్స్ చేస్తాను, సరిగ్గా ఎనిమిది గంటలు. చెల్లి ఒక జాకెట్టు, ఆరు ఫాల్స్, అదీ ఎనిమిది గంటలే. షాపు మొత్తానికి 5 జాకెట్లు, 10 ఫాల్స్. ఇప్పుడు చెల్లిని మిషను మీంచి లేపేసి రోజంతా ఫాల్స్ మీదే కూర్చోబెడితే 12 అవుతాయి. నేను ఐదు జాకెట్లు కుట్టి, మిగిలిన అరగంటలో ఒక ఫాల్ కూడా వేస్తాను. 5 జాకెట్లు, 13 ఫాల్స్. ఒక్క నిమిషం ఎవరూ ఎక్కువ పని చెయ్యలేదు, ఎవరి చెయ్యీ వేగం పెరగలేదు, మూడు ఫాల్స్ ఎక్కడి నుంచో ఊడిపడ్డాయి. నేను ఆ పేజీ రెండు మూడుసార్లు కొట్టేసి మళ్ళీ వేశాను. అంతే వచ్చింది.

ఇలా ఒక పని కోసం వదులుకున్నదాన్ని మా డిగ్రీ నోట్సులో "అవకాశ వ్యయం" అని రాసుకున్నాం. ఆ మాట విని ఎవరికీ ఏమీ అర్థం కాదు, నాకూ కాలేదు. మనకి చక్కటి మాట ఉండగా ఇదెందుకు పెట్టారో. బదులు. "అన్నానికి బదులు టిఫిన్ తిన్నాను" అన్నప్పుడు వదిలేసినదాన్ని చెప్తున్నాం. "పక్కింట్లో బదులు తెచ్చుకున్నాం, చేబదులు ఇచ్చాడు" అన్నప్పుడు ఇచ్చిపుచ్చుకోవడాన్ని చెప్తున్నాం. రెండిటికీ ఒకే మాట. ఏ పనికైనా ఖర్చు ఎంత అంటే దానికి బదులు ఏం చేసుండేవాళ్ళమో అంత. ఒకళ్ళ బదులు, ఇంకొకళ్ళ బదులు వేరువేరుగా ఉంటే ఇద్దరి మధ్యా బేరం కుదురుతుంది. ఎవరు గొప్ప, ఎవరు తక్కువ అన్న ఊసే అక్కర్లేదు. క్లాసులో ఎవరైనా ఈ ఒక్క మాట చెప్పి ఉంటే నేను ఆ నోట్సు పారేసేదాన్ని కాదు.

తులనాత్మక ప్రయోజన సిద్ధాంతం డేవిడ్ రికార్డోది, 1817 నాటి పుస్తకం. లండన్‌లో షేర్లు, బాండ్ల వ్యాపారంలో బాగా గడించి, ఆ తర్వాత ఆర్థికశాస్త్రం మీద పడ్డ మనిషి. ఆయన ఇచ్చిన అంకెలు ఇవి. ఇంగ్లండులో కొంత బట్ట తయారవ్వాలంటే 100 మంది ఏడాది పని కావాలి, కొంత వైన్ కావాలంటే 120 మంది. అదే బట్టకి పోర్చుగల్లో 90 మంది చాలు, వైన్‌కి 80 మంది చాలు. అంటే పోర్చుగల్ నేను, ఇంగ్లండు చెల్లి. ఇద్దరూ రెండూ ఇంట్లోనే చేసుకుంటే ఇంగ్లండుకి 220 మంది, పోర్చుగల్‌కి 170. ఇంగ్లండు రెండింతలు బట్టే నేసి, పోర్చుగల్ రెండింతలు వైనే చేసి మార్చుకుంటే 200, 160. ఇటు 20 మంది, అటు 10 మంది మిగిలారు. ఈ టేబులు నేను పరీక్షలో ఒక్క అంకె తప్పు లేకుండా వేశాను. పోర్చుగల్ రెండిట్లోనూ మెరుగైనప్పుడు బట్ట ఎందుకు కొనుక్కోవాలి అని మాత్రం నాకు తట్టలేదు, ఎవరూ అడగలేదు కూడా. (రికార్డో పూర్వీకులు పోర్చుగల్ నుంచి వచ్చిన యూదులట, సొంత ఉదాహరణలో ఆ దేశానికి పెద్దపీట వేశాడని సరదాగా అనుకుంటాను.) ఆయన మనుషుల పనిలో లెక్క చెప్పాడు, దాన్ని వదులుకున్న పని లెక్కలోకి మార్చి చెప్పింది హాబెర్లర్ అనే ఇంకో ఆర్థికవేత్త, 1930లలో. నా ఆర్డర్ల పుస్తకంలో ఉన్నది హాబెర్లర్ లెక్కే అన్నమాట, నాకు తెలియకుండానే.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దీన్ని పుస్తకాలు తొందరగా దాటేస్తాయి. నా ఫాల్ 150 అన్నది శ్రావణం మాట. మూఢం వచ్చిందనుకోండి, ముహూర్తాలు ఉండవు, కవర్లు ఖాళీ, మధ్యాహ్నం పూట ఫ్యాను కింద కూర్చుని ఫోను చూసుకుంటూ ఉంటాను. అప్పుడు నా అరగంటకి బదులు ఏమీ లేదు. అప్పుడు ఫాల్ కుడితే వంద వందే. అదే షాపు, అదే చెయ్యి, అదే చీర, ఖరీదు మాత్రం నెల తిరిగేసరికి 150 నుంచి సున్నాకి వచ్చేస్తుంది. "నా టైము గంటకి ఇంత" అని ఒకే రేటు పెట్టుకుని అన్నీ దాంతో కొలిచేవాళ్ళని చూస్తే నాకు అందుకే నవ్వొస్తుంది. ఆదివారం పొద్దున మా అమ్మ డాబా మీద గుమ్మడి వడియాలు పెడుతుంటే మా తమ్ముడు "బజార్లో ప్యాకెట్టు దొరుకుతుంది, నీ టైము వేస్టు" అంటాడు. ఆవిడ ఆ గంటని ఎవరికి అమ్మబోతోంది? పైగా ఆవిడకి అది సరదా.

మా ఆయనది ఇంకో రకం. "నీ అంత నీటుగా ఆ పిల్ల కుట్టదు కదా, నువ్వే చేసుకుంటే ఆ డబ్బులు మనకే మిగుల్తాయి కదా" అంటారు. ఎన్నిసార్లు లెక్క వేసి చూపించినా మళ్ళీ అదే మాట. ఆయన్ని అని లాభం లేదు, చేతిలోంచి పోయే నోటు కంటికి కనపడుతుంది, కుట్టకుండా ఉండిపోయిన జాకెట్టు కనపడదు.

ఇప్పుడు చెప్పుకోడానికి కాస్త సిగ్గుగా ఉన్న సంగతి. ఫాల్‌కి కస్టమరు దగ్గర 100 తీసుకుని చెల్లికి 60 ఇచ్చేదాన్ని. పై లెక్క ప్రకారం ఆమె ఖర్చు 75, నాది 150, ఆ మధ్యలో ఎక్కడ బేరం తెగినా ఇద్దరికీ లాభమే. 60 ఆ మధ్యలో లేదు, 75కి కింద ఉంది. మరి ఆమె ఎందుకు ఒప్పుకుంది? ఆమె కుట్టిన జాకెట్టుకి 450 ఇచ్చే కస్టమరు ఆమెకి లేరు. ఆ 450 నా చేతికీ, నా బోర్డుకీ ఇస్తున్నారు. బయటికెళ్తే ఆమెకి బదులు దొరికేది చాలా తక్కువ, అది నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. ఇచ్చిపుచ్చుకోవడంలో లాభం ఉంటుందని సిద్ధాంతం చెప్తుంది, నిజమే, ఆ మూడు ఫాల్స్ ఎవరి సంచిలోకి వెళ్తాయో మాత్రం చెప్పదు. అది ఎవరికి వేరే దారి ఉంది, ఎవరికి లేదు అన్నదాన్ని బట్టి తేలుతుంది. లెక్క వేసిన నెలలోనే 80 చేశాను. దానికి నన్ను మెచ్చుకోనక్కర్లేదు, ముందు నుంచీ ఇవ్వాల్సింది.

ఇంకో సంగతి. బందరులో కూర్చుని "ఇంగ్లండు బట్ట నేస్తుంది" అని రాసేసి ఊరుకోవడం నావల్ల కాదు. పెడన అచ్చు కలంకారీ ముక్కలు వారానికి రెండు మూడు నా టేబులు మీదికి వస్తాయి (తడిపి ఆరెయ్యకుండా కత్తెర పెట్టకండి, తర్వాత కుంచించుకుపోయి నన్ను అంటారు). ఆ అద్దకం బట్ట కోసమే డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో మా ఊళ్ళో కొట్లు తెరిచారు. ఈ తీరం నుంచి వెళ్ళిన పూల బట్టకి లండన్ ఆడవాళ్ళు ఎంత మోజుపడ్డారంటే అక్కడి నేతగాళ్ళకి పని పోతుందని గోల మొదలైంది. 1700లో మన దేశపు అద్దకం బట్టల దిగుమతి ఆపుతూ చట్టం చేశారు. చాల్లేదు. 1719లో పట్టు నేతగాళ్ళు లండన్ వీధుల్లో పూల గౌన్లు వేసుకున్న ఆడవాళ్ళ మీద పడి బట్టలు చింపేశారు. 1721లో ఆ బట్టలు వేసుకోవడమే నేరమని ఇంకో చట్టం. అది 1774 దాకా నడిచింది, అప్పుడు కూడా సడలించింది వాళ్ళు స్వయంగా తయారుచేసుకున్న నూలు బట్ట కోసం. కుట్టేదాన్ని కదా, ఒంటి మీద ఉన్న గౌను చింపడం అన్నచోట చదవడం ఆపేశాను కాసేపు.

కాబట్టి ఇంగ్లండుకి బట్టలో చెయ్యి తిరగడం అన్నది మట్టిలోంచి మొలిచింది కాదు. యాభై ఏళ్ళకి పైగా తలుపులు మూసుకుని, నేర్చుకుని, మిషన్లు పెట్టుకుని, ఆ తర్వాత ఎవరి పని వాళ్ళు చేసుకుందాం అన్నారు. రికార్డో లెక్క తప్పు కాదు. ఆయనకి నిజాయితీగా మద్దతివ్వాల్సిన చోటు కూడా ఉంది, 1815లో భూస్వాముల లాభం కోసం బయటి ధాన్యాన్ని ఆపుతూ వచ్చిన చట్టాన్ని ఆయన గట్టిగా వ్యతిరేకించాడు, ఆయన పోయిన చాన్నాళ్ళకి, 1846లో, అది రద్దయింది కూడా. కాకపోతే ఆయన టేబుల్లో 100 అన్న అంకె 100 గానే ఎందుకుంది, రేపు ఎంత అవుతుంది అనేది లేదు. మిల్లు బట్ట వచ్చాక మగ్గం దిగిన మనిషికి మర్నాటి నుంచి చేతిలోకి ఏ పని వస్తుంది అనేదీ లేదు.

అంకె ఎలా మారుతుందో చూడాలంటే బంగ్లాదేశ్ చూడాలి, అదీ కుట్టు పనే కాబట్టి నాకు ఇష్టం. 1979లో దేశ్ గార్మెంట్స్ అనే కంపెనీ 130 మందిని దక్షిణ కొరియాలో పూసాన్‌కి పంపింది, దేవూ ఫ్యాక్టరీలో కుట్టు నేర్చుకు రమ్మని. కొరియా వాళ్ళకి అందులో ఏం లాభం అంటే, ధనిక దేశాలు కొరియా బట్టలకి కోటాలు పెట్టాయి, ఇన్ని మించి పంపకూడదని, బంగ్లాదేశ్‌కి అప్పటికి ఏ కోటా లేదు. నేర్చుకుని తిరిగొచ్చిన ఆ 130 మందిలో చాలామంది కొన్నేళ్ళలో ఆ కంపెనీ వదిలేసి సొంత ఫ్యాక్టరీలు పెట్టారు, లేదా వేరేచోట చేరి నడిపించారు. ఇప్పుడు ఆ దేశం ఎగుమతుల్లో 80 శాతం పైగా రెడీమేడ్ బట్టలే. కొరియా చొక్కాలు దాటి ఓడలు, చిప్‌ల వైపు వెళ్ళిపోయింది. ఈ కథ చెప్పి చప్పట్లు కొట్టించుకునేవాళ్ళు 2013 ఏప్రిల్లో ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయిన సంగతి కూడా చెప్పాలి. వాళ్ళలో ఎక్కువమంది మిషను మీద కూర్చునే ఆడవాళ్ళు.

చెల్లి విషయానికొస్తాను. ఫాల్స్ మొత్తం ఆమెకి అప్పజెప్పిన కొన్నాళ్ళకి "అక్కా, కటింగ్ నేర్పండి" అంది. నా లెక్క ప్రకారం నేర్పకూడదు. రోజుకి రెండు గంటలు నేర్పితే నా 600 పోతాయి, ఆమె మూడు ఫాల్స్ పోతాయి, ఎవరి ముక్కైనా పాడైతే అదొకటి. ఇప్పుడు కాదు, సీజను అయ్యాక అన్నాను. సీజను అయ్యాక సంక్రాంతి అన్నాను. దాదాపు ఏడాది తిప్పాను. ఆమె రోజూ నేను కత్తెర పెట్టేటప్పుడు సూది ఆపి చూస్తూ ఉండేది, చంక దగ్గర గుండ్రం ఎలా తిప్పుతున్నానో అని. ఓ రోజు చూసీ చూడనట్టు ఊరుకోలేకపోయాను. ఆ ఏడు మూఢంలో మొదలుపెట్టాం, నా గంటకి ఖరీదు లేని రోజుల్లో. మొదట పాత పేపర్ల మీద, తర్వాత పాత చీర ముక్కల మీద. మెడ లోతు తప్పి నా సొంత జాకెట్టు ఒకటి పాడుచేసింది, ఇంకోటి నేనే పాడుచేశాను మాటల్లో పడి.

ఏడాదిన్నరకి చెల్లి జాకెట్టు రెండు గంటల్లో కుట్టేసింది. ఫాల్ అదే 40 నిమిషాలు. గమనించారా? ఇప్పుడు ఆమెకి కూడా మూడు ఫాల్స్ అంటే ఒక జాకెట్టు. నా లెక్కే ఆమె లెక్క. నేను ఇప్పటికీ రెండిట్లోనూ కాస్త ముందే ఉన్నాను, కానీ రికార్డో దారిలో చూస్తే మా ఇద్దరి మధ్యా మార్చుకోడానికి ఇక ఏమీ మిగల్లేదు. ఆమె నాకు చెప్పకముందే నేను ఆ పేజీ వెనక వేసుకుని చూశాను కాబట్టి, "అక్కా, రాజుపేటలో చిన్న గది చూశాను" అన్న రోజు నాకు పెద్దగా ఆశ్చర్యం వెయ్యలేదు. బాధ వేసింది, అది వేరే. పాత మిషను ఒకటి వాయిదాల మీద ఇచ్చాను.

మరి ఫాల్స్ ఎవరు కుడతారు? ఇద్దరికీ 150 ఖరీదు పడే పని. ఇద్దరం వెతికాం. వెనక వీధిలో ఒక పిన్నిగారు దొరికారు, మిషను లేదు, రెండంచులూ చేత్తోనే వేస్తారు, ఒక్కోదానికి గంట పడుతుంది, టీవీ చూస్తూ కుడతారు. మొదటి రోజే 90 అడిగారు. నేను బేరం ఆడలేదు. చెల్లి 85 అని చూసిందట, ఆవిడ చీర మడిచి వెనక్కి ఇచ్చేశారట.

నిన్న చెల్లి షాపు ముందు నుంచి వెళ్తుంటే లోపల మిషను ఆపకుండానే అరిచింది, "అక్కా, పిన్నిగారు నావి ముందు ఇచ్చేశారు, మీవి రేపంట!"